ఈశాన్యంలో కుళాయి

గాజాలో మంచినీళ్ళ కుళాయిలు ఎక్కడ ఉండాలో కొన్ని వారాలపాటు నేను నిర్ణయించాను. ఈ మాట ఫోనులో చెబితే మా ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

"మనింట్ల కుళాయి కారవట్టి ఎన్ని దినాలాయె! మొన్న సెలవుకచ్చినప్పుడు సూస్తనంటివి, సూడకనే పోతివి. గిప్పుడు దుబాయ్‌ల గూసోని ఎవలకో కుళాయిలు వెడుతున్నవా?"

నేనుండేది ఖతర్‌లో. దోహాలో, మన్సూరాలో, నలుగురం కలిసి అద్దెకుండే ఫ్లాటులో. జగిత్యాల దగ్గరి మా ఊరికి మాత్రం సముద్రం దాటిన ఇసకంతా దుబాయే. సరిదిద్దడం ఎప్పుడో మానేశాను. తానున్న దేశం పేరే ఇంట్లో సరిగా పలికించలేని మనిషిని తెచ్చి ఇంకో దేశం పటం ముందు కూర్చోబెట్టారంటే, ఆ దేశం ఎంత కష్టంలో ఉందో ఊహించుకోవచ్చు.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇంజనీర్లు ఆలోచిస్తారు, నేను గీస్తాను. చిన్నప్పుడు మా అమ్మ నా అరచెయ్యి చూసి వీడి చేతిలో గీత బాగుందని మురిసేదట. గీత బాగానే ఉంది, జీతమే అంతంత మాత్రం. అల్ రయ్యాన్‌లో ఉన్న మా చిన్న కంపెనీ మామూలుగా విల్లాల ప్రహరీలు, కార్ల షెడ్లు, మసీదుల వెనక కాళ్ళూ చేతులూ కడుక్కునే గదులు గీయిస్తుంది. అలాంటి మా బల్లల మీదికి ఒక రోజు గాజా వచ్చి పడింది.

వచ్చిన దారి ఇది. యుద్ధం ఆగిందన్నారు. సైన్యం ఒక గీత దాకా వెనక్కి తగ్గుతుందన్నారు, తర్వాత ఇంకా తగ్గుతుందన్నారు. ఖాళీ అయిన చోటికి జనం తిరిగొచ్చి బతకాలంటే నీళ్ళూ, మరుగుదొడ్లూ, రొట్టెల పొయ్యిలూ కావాలి, వాటికి దాతల దేశాలు సాయం చేస్తాయి. దాత చెయ్యి విదల్చాలంటే కాగితం మీద ప్లాను కనిపించాలి. ఆ ప్లాను పని ఒక పెద్ద కంపెనీ తీసుకుని మధ్యరకం కంపెనీకి ఇచ్చింది. అది మా కంపెనీకి ఇచ్చింది. మా మేనేజరు నాకిచ్చాడు. నా కింద ఇంకెవరూ లేరు కాబట్టి అక్కడితో ఆగింది. తెలుగు పేపర్లు దీన్నంతా ఉపసంహరణ అని రాస్తున్నాయి. ఆ మాట చదివినప్పుడల్లా, సంహరణ పూర్తయ్యాక మర్యాదకు దాని ముందొక ఉప తగిలించినట్టు అనిపించేది. పైకి మాత్రం అనలేదు. నా ఎదురు బల్ల దగ్గర కూర్చునేది గాజా మనిషి.

ఆమె మా ఆఫీసులో నీళ్ళ పైపుల ఇంజనీరు. పెళ్ళయి దోహాకు వచ్చి చాలా ఏళ్ళయింది, తుమామాలో కాపురం. నన్ను "యా అఖీ" అంటుంది, అంటే సోదరా అని. నేను ఆమెను "ముహందిసా" అంటాను, అంటే ఇంజనీరమ్మా అని. ఆమె ఇంగ్లీషులో అరబ్బీ ఉంటుంది, నా ఇంగ్లీషులో జగిత్యాల ఉంటుంది, ఇద్దరం మధ్యలో ఎక్కడో కలుసుకుంటాం.

ఆమె చెల్లెలు గాజాలోనే ఉండిపోయింది. భర్త పోయాడు, ఇల్లు కూలింది. కూలిన ఇంటి నేల మీదే గుడారం వేసుకుని ముగ్గురు పిల్లలతో ఉంటోంది. సైన్యం నిలబడ్డ గీతకు ఇవతల అదే చిట్టచివరి వీధి. నీళ్ళ ట్యాంకరు ఆ వీధికి రాదు. చెల్లెలి పెద్దకూతురు రెండు చేతుల్లో రెండు డబ్బాలు పట్టుకుని ట్యాంకరు ఆగే చోటికి నడిచిపోతుంది, తిరిగొచ్చేసరికి సగం ఒలికిపోతాయి. ఇంజనీరమ్మకు ఈ ప్లాను మొత్తంలో కావలసింది ఒక్కటే. ఆ వీధిలో ఒక కుళాయి. మొదటి విడతలో ఆ వీధిని చేర్చమని ప్రతి మీటింగులోనూ పోట్లాడింది. మెత్తగా, గణాంకాలతో, పైపుల లెక్కలతో. చెల్లెలి సంగతి మాత్రం ఎక్కడా ఎత్తలేదు. చివరికి చేర్చారు. ఆ రోజు ఆఫీసుకంతా కునాఫా తెచ్చింది, జున్ను మీద సేమ్యా పరిచి పాకం పోసే వాళ్ళ తీపి. నేను రెండోసారి కూడా పెట్టించుకున్నాను. నా బ్లాకు గీయడం అప్పటికి ఇంకా మొదలే కాలేదు.

నా వంతు పని తేలిక. ఒక బ్లాకు నమూనా గీయాలి. గుడారాలు ఇలా, మరుగుదొడ్లు ఇక్కడ, పొయ్యి ఇక్కడ, కుళాయి ఇక్కడ. దాన్ని కాపీ కొట్టి వీధుల పొడవునా పరిచెయ్యాలి. కాపీ కొట్టడానికి కంప్యూటరు సిగ్గుపడదు, నేను చదువుకునే రోజుల నుంచీ సిగ్గుపడలేదు. సాయంత్రం టీ వేళకు అయిపోయింది. ఇంజనీరమ్మ పైపుల సైజులు చూసి సంతకం చేసింది. మేనేజరు ఏమీ చూడకుండానే చేశాడు. షీటు పైకి, దాతల సభకు వెళ్ళిపోయింది. ఇంకో ప్రతి మా గోడకు అంటించుకున్నాం.

ఒక మధ్యాహ్నం ఆమె ఆ షీటు ముందు నిలబడి ఖర్జూరం తింటోంది. నమలడం ఆగిపోయింది.

"యా అఖీ, నీళ్ళన్నీ ఈ మూలకే ఎందుకు?"

"ఏ మూలకు, ముహందిసా?"

"అన్ని బ్లాకుల్లోనూ. పైన, కుడివైపు మూల. పెద్ద పైపు పడమర నుంచి కదా వస్తోంది. నువ్వు దాన్ని గుడారాలన్నీ దాటించి ఈ చివరికి ఎందుకు లాక్కెళ్ళావు?"

నేను లేచి వెళ్ళి చూశాను. పై మూల, కుడివైపు. ఉత్తరానికీ తూర్పుకీ మధ్య. ప్రతి బ్లాకులోనూ నీలం చుక్క ఈశాన్యంలో ఉంది. రొట్టెల పొయ్యి ఆగ్నేయంలో ఉంది. సామాన్ల గది నైరుతిలో ఉంది. మరుగుదొడ్లు వాయవ్యానికి చేరాయి. ప్రపంచంలో శరణార్థి గుడారాలకు వాస్తు చూసిన మొదటి మొనగాణ్ణి బహుశా నేనే.

జగిత్యాలలో నేను పని నేర్చుకున్న సారు, తెల్లకాగితం మీద గోడ గీత పడకముందే రెండు చుక్కలు పెట్టించేవాడు. ఈశాన్యంలో నీళ్ళు, ఆగ్నేయంలో నిప్పు. ఆ రెండూ పడ్డాకే ఇల్లు. ఈశాన్యంలో బోరు లేని ప్లాను తీసుకుని అక్కడ ఏ ఇంటామె ముందుకెళ్ళినా చీపురు అందుకుంటుంది. వాస్తు మీద నాకు నమ్మకం ఉందా అంటే మనసుకు లేదు, చేతికి ఉంది. చేతిని ఎవరూ అడగరు. పైగా అదే వారం మా ఆవిడ ఇంటి వెనక కొత్త బోరుకు చోటు గీసి పంపమంటే గీసి పంపాను. ఎక్కడో చెప్పక్కర్లేదు.

"మా దేశంలో నీళ్ళు ఈ మూల ఉంటే మంచిది," అన్నాను. "శుభం. అలవాటులో పడిపోయింది."

ఆమె నవ్వుతుందనుకున్నాను. ఆమె ఖర్జూరం గింజను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంది.

"గీత ఎటువైపు ఉంది?"

"తూర్పున."

"ఇది మా చెల్లెలి వీధి." షీటు మీద వేలు పెట్టింది. "ఈ చివరి బ్లాకుకూ గీతకూ మధ్య ఒక రోడ్డు వెడల్పు. కుళాయి ఈ మూల. నీళ్ళకు వచ్చేది పిల్లలు. వాళ్ళు ఈ మూల దాకా రావాలి, డబ్బా నిండేదాకా ఇక్కడ నిలబడాలి. అటువైపు నుంచి కాలుస్తారు."

గొంతు పెంచలేదు. నేను షీటును గోడ మీది నుంచి ఊడదీశాను.

మేనేజరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన షీటును ఇటూ అటూ తిప్పి చూసి తలుపు వేయమన్నాడు.

"ఎవరికీ చెప్పకండి. ఆ ఫైలు ఇప్పుడు తెరిస్తే ఆ వీధి మూసుకుపోతుంది. సభకు వెళ్ళిన పటంలో తప్పుందని మనమే రాస్తే, ఆ వీధిని తీసి రెండో విడతలో వేస్తారు. ఉన్న కుళాయి కూడా ఉండదు. ఆలోచించుకోండి మేడం, మీ ఇష్టం."

ఇష్టం అన్నది ఎలాంటి చోట వాడతారో అప్పుడు తెలిసింది. గీత పక్కన కుళాయి కావాలా, అసలు కుళాయే వద్దా. రెండింట్లో ఆమె ఇష్టం.

మా ఆఫీసులో డ్రాయింగుల ప్రతులు తీసి ఎక్కడికక్కడ చేర్చే పని నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక భాయ్‌ది. తెలుగూ ఉర్దూ రెండూ ఇంటి భాషలే. ఆ సాయంత్రం కింద బండి దగ్గర కరక్ చాయ్ తాగుతూ అతనికి సంగతి చెప్పాను.

"అరే సిద్ధాంతీ! లడాయిల గూడ వాస్తు జూసినవారా నువ్వు? తుపాకి గుండు ఏ దిక్కుకెళ్ళి అస్తె మంచిదో గది గూడ రాయకపోయినవ్!"

"నవ్వకు భాయ్."

"నవ్వుతలేను యార్. ఏడ్సుడు రాక గిట్ల మాట్లాడుతున్న." కప్పు నలిపి డబ్బాలో వేశాడు. "గామె ఏమంటున్నది?"

"చెల్లెను అడుగుతనన్నది."

గాజాకు ఫోను కలవడం అంటే అదృష్టం. ఎక్కువగా వాయిస్ మెసేజులే, అవీ నెట్‌వర్కు దొరికినప్పుడు గుంపుగా వచ్చి పడతాయి. మర్నాడు చెల్లెలి జవాబు వచ్చింది. ఇంజనీరమ్మ దాన్ని ఆఫీసు పాంట్రీలో, టీ మరిగే చప్పుడు మధ్య వినిపించి నాకు ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది.

"పెట్టమంది. ఎక్కడైనా పెట్టమంది. మేము పరుగెత్తి తెచ్చుకుంటామంది." ఫోను బోర్లించింది. "పరుగెత్తుతుందట. దానికి మోకాళ్ళ నొప్పులు, యా అఖీ. నా పెళ్ళిలోనే మెట్లెక్కలేకపోయింది."

నేను నా బల్ల దగ్గరికొచ్చి బ్లాకు తెరిచాను. మా కంప్యూటర్లో అద్దం అనే ఆజ్ఞ ఒకటుంది. మధ్యలో నిలువు గీత ఒకటి గీసి ఆ ఆజ్ఞ ఇస్తే కుడిది ఎడమకూ ఎడమది కుడికీ పోతుంది. ఇచ్చాను. కుళాయి పడమటి మూలకు వెళ్ళింది, పెద్ద పైపు పక్కకు, గీతకు దూరంగా. పైపు కూడా చాలా తగ్గింది. రెప్పపాటు పని. చిత్రమేమంటే తప్పు చేయడానికి అంతకంటే చాలాసేపు పట్టింది.

ఆ రోజే మా ఆవిడ ఫోను. ఈశాన్యంలో బోరు వేయిస్తే బండ తగిలిందట.

"నీ ప్లాను మండ! నీళ్ళు వడ్డకాడ బోరు ఏస్తరుగని, బోరు ఏసినకాడ నీళ్ళు వడుమంటె వడ్తయా? అటు పక్కింటాయన ఏడవడితె గాడ ఏసిండు, కుండపోతలెక్క వడ్డయి."

"మల్ల గీసి పంపుత."

"నువ్వేం గియ్యకు. జర ఊకుండు."

ఊరుకోవడమే మంచిదని అనిపించిన వారం అది. కానీ మర్నాడు పొద్దున్నే ఇంజనీరమ్మ తిప్పిన షీటు చుట్టి చంకలో పెట్టుకుని వచ్చింది. "సభ దగ్గరికే వెళ్దాం. మేనేజరుకు చెప్పొద్దు." భాయ్ తాళాలు అందుకుని, "యల్లా, నడువుండ్రి, బండి దీస్త" అన్నాడు, ఎవరో పెళ్ళికి పిలిచినట్టు.

వెస్ట్ బేలో ఒక అద్దాల హోటలు. పటాలు చేర్చే పని మీద భాయ్‌కి అక్కడ పాసుంది, మమ్మల్ని కూడా లోపలికి లాగాడు. హాలు బయట కాఫీ బల్ల దగ్గర నిలబడ్డాం. నా చొక్కా చూసి ఒక దొర ఖాళీ కప్పు నా చేతికిచ్చి వెళ్ళాడు. తీసుకున్నాను. ఏదో ఒక పనికొస్తున్నాను కదా అనిపించింది.

హాలు తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి తెర కనిపించేది. తెర మీద నా బ్లాకులు, గోడంత ఎత్తున. నీలం చుక్కలు వరసగా, అన్నీ ఈశాన్యంలో. నా గీతను అంత పెద్దగా చూడటం జీవితంలో అదే మొదలు. గీసినవాడికి ఆ క్షణంలో కలగాల్సిన సంతోషం కూడా కాస్త కలిగిందేమోనని ఇప్పటికీ అనుమానం. తెర ముందు పొడవాటి బల్లలు, ప్రతి కుర్చీ ముందూ ఒక నీళ్ళ సీసా. విరామానికి అందరూ బయటికొచ్చాక చూస్తే, చాలా సీసాల్లో ఒకటి రెండు గుక్కలే తగ్గి ఉన్నాయి. దాతకు ఒక ఒత్తు తగిలిస్తే ధాత అవుతాడు, తలరాత రాసే బ్రహ్మ. ఆ హాలులో ఒత్తులూ ఉన్నాయి, ఒత్తిళ్ళూ ఉన్నాయి, నిలబడి అడగడానికి మాకు చోటే లేదు.

పెద్ద కంపెనీ సలహాదారు ఒకాయన మా దగ్గరికొచ్చాడు. మంచి మనిషి. మంచివాళ్ళతో పోట్లాడటం చాలా కష్టం. షీటు విప్పి చూశాడు, ఆమె చెప్పింది మధ్యలో ఆపకుండా విన్నాడు.

"పూర్తిగా అర్థమైంది మేడం. చాలా మంచి పరిశీలన."

"అయితే మార్చండి."

"ఈ విడత పటాలు ఆమోదానికి పెట్టేశారు. ఇప్పుడు ఒక వీధిని బయటికి తీస్తే అది రెండో విడతకు పోతుంది."

"రెండో విడత ఎప్పుడు?"

"సైన్యం రెండోసారి వెనక్కి తగ్గాక."

"ఎప్పుడు తగ్గుతుంది?"

ఆయన కాఫీలో చక్కెర వేసుకుని చాలాసేపు కలిపాడు. "గీత తాత్కాలికం కదా మేడం. వాళ్ళు ఇంకా వెనక్కి పోయాక ఈ కుళాయి సరిగ్గా ఊరి మధ్యకు వస్తుంది. నిజానికి మీ డ్రాఫ్ట్స్‌మన్ ముందుచూపుతో పెట్టాడని మేమంతా అనుకున్నాం."

భాయ్ నా వైపు చూశాడు. నేను చేతిలో ఉన్న దొర కప్పు వైపు చూశాను.

"మా చెల్లెలి కూతురు ముందుచూపుతో నడవదు," అంది ఇంజనీరమ్మ. "కాళ్ళతో నడుస్తుంది."

చెల్లెలి సంగతి ఆమె పై వాళ్ళ ముందు అనడం అదే మొదటిసారి. ఆయన ముఖం నిజంగానే పాలిపోయింది. క్షమించమన్నాడు. తన ఫోను నంబరున్న కార్డు ఇచ్చాడు. ఎవరో పిలిచారు, వెళ్ళిపోయాడు.

ఆమె ఖాళీ హాలులోకి చూస్తూ నిలబడింది. తర్వాత లోపలికి నడిచింది. మూతలు తీసి వదిలేసిన సీసాలకు ఒక్కొక్కదానికే మూత బిగించడం మొదలుపెట్టింది. ఒక బల్ల అయ్యాక ఇంకో బల్ల. వెయిటరు ఆపబోయి మానుకున్నాడు. జనం తిరిగి వచ్చి కూర్చుంటుంటే భాయ్ వెళ్ళి నెమ్మదిగా, "ఖలాస్, మేడం. యల్లా" అన్నాడు.

బండి ఎక్కాం. దారిలో భాయ్ అన్నాడు, నాకు తెలుగులో. "కాగితం పైకెళ్ళి మారకుంటె కిందికెళ్ళి మార్సరాదు? మనకాడ ప్లానులెక్క ఎవడు గడ్తడు యార్? మేస్త్రి ఏడ వెట్టుమంటె గాడనే గద!"

ఇది ఇంగ్లీషులోకి మార్చి చెబుతుండగానే ఆమె ఫోను తీసింది. గాజాలో పైపులు వేయాల్సిన కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు ఆమెతో కాలేజీలో చదివినవాడు. తిప్పిన షీటు ఫొటో పంపింది. సాయంత్రానికి జవాబొచ్చింది. 'పైపు వస్తే పడమరే పెడతాను, ఒట్టు. పైపు ఏది?' పైపులు సరిహద్దు దగ్గర లారీల్లో ఉన్నాయి. లారీలు వరసలో ఉన్నాయి.

అయినా ఆ రోజుల్లో కొంచెం ఊపిరి ఆడింది. చెల్లెలు వీధికి పడమటి చివర రాళ్ళు ఏరేసి నేల చదును చేసింది. ఫొటో పంపింది. చదును చేసిన నేల మీద పసుపు రంగు నూనె డబ్బా ఒకటి, పక్కన చెల్లెలి పెద్దకూతురు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. కుళాయి వచ్చిన రోజు లైనులో మొదటి చోటు తమదేనని డబ్బా పెట్టి కాపలా కాస్తోందట. పక్క గుడారాల పిల్లలు కూడా తెచ్చి వెనక పెట్టారు. రాని కుళాయికి డబ్బాల వరస. మా కాలనీలో ట్యాంకరు వచ్చే రోజు బిందెలు పెట్టి చోటు పట్టుకున్నవాణ్ణి, నాకు ఆ పిల్ల నిలబడిన తీరు బాగా తెలుసు. ఫొటో పెద్దది చేసి చూశాను. అడిగి నా ఫోనుకు కూడా పంపించుకున్నాను.

తర్వాత ఇంజనీరమ్మ రెండు రోజులు ఆఫీసుకు రాలేదు. సెలవు చీటీ లేదు. నేను ఫోను చేస్తే ఎత్తలేదు. మూడో రోజు ఆమె రాకముందే సభ నుంచి షీటు వచ్చింది, భాయ్ తెచ్చాడు. ఆమోదించామని ముద్ర, నాలుగు సంతకాలు. మొదటి విడత, అన్ని వీధులూ. కుళాయిలు ఈశాన్యంలో.

మేనేజరు స్వీట్లు తెప్పిస్తానన్నాడు. అంతలో ఆమె వచ్చి బల్ల ముందు కూర్చుంది, సంచి భుజం మీది నుంచి తీయకుండానే.

"గీత జరిగింది," అంది. "ఇటువైపు జరిపారు. హద్దు చూపే పసుపు రంగు దిమ్మెలు తెచ్చి మా వీధికి పడమరన పెట్టారు. మా వీధి ఇప్పుడు అవతల ఉంది. చెల్లీ పిల్లలూ చీకటి పడకముందే బయటపడ్డారు. గుడారం తెచ్చుకోలేకపోయారు. పెద్దది డబ్బా కోసం వెనక్కి పరుగెత్తబోతే చెల్లి దాని చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చిందట. ఇంకా ఏడుస్తోంది, డబ్బా కోసం."

భాయ్ చేతిలో ఆమోదించిన షీటు ఉంది. దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు, కానీ ఆమె చూసేసింది. తీసుకుని ముద్ర మీద వేలితో రుద్దింది, తడి ఆరిందో లేదో చూస్తున్నట్టు. మడిచి భాయ్‌కి ఇచ్చేసింది. మేనేజరు తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. స్వీట్లు రాలేదు.

అన్నివైపుల నుంచీ తిప్పి ఆలోచించాను. మా అద్దం ఆజ్ఞకు కూడా అందని చోటికి ఆ వీధి వెళ్ళిపోయింది. నా తప్పు దిద్దుకుందామంటే తప్పు నిలబడటానికి కూడా చోటు లేదు.

మధ్యాహ్నం దాటాక ఆమె ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. చేత్తో గీసింది. పడమరన సముద్రం, పక్కన ఇసక, ఇసకలో చిన్న చిన్న గళ్ళు.

"ఇప్పుడు ఇక్కడున్నారు. ట్యాంకరు వారానికి ఒకసారి వస్తోందట. బ్లాకు గియ్యి."

"ఎవరడిగారు ముహందిసా? ఏ విడత?"

"ఎవరూ అడగలేదు. గియ్యి. సూపర్‌వైజరుకు పంపుతాను. లారీలో పైపులు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా."

గుడారాలు పరిచాను. మరుగుదొడ్లు పెట్టాను. పొయ్యి పెట్టాను, ఏ మూలో చూసుకుని మరీ మార్చి పెట్టాను. కుళాయి గుర్తు తీసుకున్నాక చెయ్యి ఆగింది. మా ఊళ్ళో ఇంటి ప్లాను అనగానే ముందు రోడ్డు ఎటువైపు అని అడుగుతాం. నేను ఆమెను అడిగాను.

"ఎటు నుంచి కాలుస్తారు?"

ఆమె చెల్లెలికి ఫోను చేసింది. ఆ రోజు ఎందుకో కలిసింది. వెనక పిల్లల గోల, గాలి చప్పుడు. ఇద్దరూ అరబ్బీలో మాట్లాడుకున్నారు. నాకు తెలిసిన అరబ్బీ సైటు మీద తిట్లూ, పని ఆపమనే మాటలూ. అయినా ఒకటి రెండు అర్థమయ్యాయి. తూర్పు అన్నప్పుడు చెల్లెలు లా అంది, అంటే అటు వద్దని. పడమర అన్నప్పుడు కూడా లా అంది, సముద్రంలో సైన్యం పడవలున్నాయట. ఉత్తరం అంటే ఏమీ అనలేదు. తర్వాత ఒక్క ముక్క అంది.

"మధ్యలో," అంది ఇంజనీరమ్మ. "అన్ని గుడారాలకూ మధ్యలో పెట్టమంటోంది. ఏ గుడారంలో కూర్చున్నా పిల్లలు కనపడతారట."

వాస్తులో మధ్యను బ్రహ్మస్థానం అంటారు. అక్కడ గొయ్యి తవ్వకూడదు, బరువు పెట్టకూడదు, స్తంభం పాతకూడదు. నీళ్ళయితే అసలే వద్దు. మా సారు చూస్తే మౌసు మీద ఉన్న చెయ్యి విరగ్గొట్టేవాడు. నేను నీలం చుక్కను తీసుకెళ్ళి సరిగ్గా మధ్యలో పెట్టాను. పెద్ద పైపు నుంచి దానికి గీత లాగాను. ఆమె ఫోను స్పీకరులో పెట్టింది, ఎవరు అడుగుతున్నారో నాకూ వినపడాలని. అడిగేది చెల్లెలు కాదు, పిల్ల.

"ఏమంటోంది?"

"డబ్బా ఇప్పుడే తెచ్చి పెట్టొచ్చా అని." ఆమె ఫోను మీదికి వంగింది. "వేరే డబ్బా దొరికిందట."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా తెర వైపు, ఆ చుక్క వైపు చూస్తోంది. పైపులు ఇంకా లారీలోనే ఉన్నాయి.

"పెట్టమనండి," అన్నాను.